ఆరడుగుల మేర

నా పొడుగు ఆరడుగులు, తూకం కేజీకి కాస్త తక్కువ. ఒక కొసన కొక్కెం, రెండో కొసన రింగు, మధ్యలో మెలిపడకుండా తిరిగే చిన్న ముక్క. నూజివీడు బజార్లో ఒక ఇనుప సామాన్ల కొట్లో గొళ్ళేల పక్కన మేకుకి వేలాడుతుండగా 2016 వేసవిలో మాస్టారు నన్ను కొన్నారు. అప్పటికి ఆయన ఇంట్లో కుక్క లేదు. పలుపు కొన్నాక గేదెను వెతుక్కున్నట్టే. అయితే అంతకు నాలుగు రోజుల ముందే తోటలో బోరు మోటారు కేబులు కోసుకుపోయారు. లోపలి రాగి కోసం. కంచె అవతల పైతొక్క కాల్చిన బూడిద దొరికిందట. భయం పట్టుకున్న మనిషి చేతికి ఏదందితే అదే ముందు కొంటాడు.

నాతోపాటు అదే సంచిలో 'కుక్క ఉన్నది జాగ్రత్త' అనే రేకు బోర్డు కూడా వచ్చింది. అది ఆ సాయంత్రమే గేటెక్కి అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. నాకు మాత్రం ఏడాది దాకా పని దొరకలేదు.

ఇల్లు ఊరికి రెండు కిలోమీటర్ల అవతల. చుట్టూ రెండెకరాల మామిడితోట, ఎక్కువ చిన్నరసాలే. మూడు వైపులా గోడ, నాలుగో వైపు ముళ్ళకంచె. ఇంట్లో ఉండేది ముగ్గురు: తెలుగు పంతులుగా రిటైరైన మాస్టారు, అమ్మగారు, మాస్టారి తల్లి మామ్మగారు.

ఏ కుక్కను తేవాలన్న దాని మీద అరుగు మీద వారం రోజులు సభ జరిగింది. పక్క తోట ఆయన డాబర్‌మన్ అన్నారు. రెవెన్యూలో చేసి రిటైరైన స్నేహితుడు దాన్ని బలపరిచారు. "అది మా శాఖ కుక్కేనండీ. జర్మనీలో అపోల్డా అనే ఊళ్ళో డాబర్‌మన్ అనే పన్ను వసూళ్ళ మనిషి తనకు తోడుగా ఉంటుందని తయారుచేసుకున్న జాతి."

"అయితే శిస్తు బకాయి ఉన్నవాళ్ళనే కరుస్తుందేమో, కనుక్కో నాయనా," అన్నారు మామ్మగారు, పప్పు చెరుగుతూ.

పోస్టుమాస్టరు గారు మాత్రం, "కరిచేది ఎందుకండీ, అరిచేది చాలు, ఒక పమేరియన్‌ని తెచ్చుకోండి," అన్నారు. ఆ సభలో పనికొచ్చిన మాట అదొక్కటే. దొంగకి కావలసింది చీకటీ, నిశ్శబ్దమూ. ఆ రెంటిలో ఒకటి చెడగొడితే సగం పని అయిపోయినట్టే. కానీ పమేరియన్ పిల్లిని మించి ఉండదని ఎవరూ పట్టించుకోలేదు. పళ్ళ పదును గురించీ దవడ బలం గురించీ అంతసేపు మాట్లాడినవాళ్ళలో ఒక్కరైనా, దాన్ని రోజూ తిప్పేదెవరు, మే నెల మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటుంది, కోతలకి వచ్చే కూలీల్లో ఎవర్ని చూసి అరవాలో, ఎవర్ని చూసి ఊరుకోవాలో నేర్పేదెవరు అని అడగలేదు. గొలుసు సంగతి సరేసరి. ఉన్నాను కదా, కట్టేస్తారు.

చివరికి హైదరాబాదు అల్లుడుగారు ఆ డిసెంబరులో కారులో అట్టపెట్టె పట్టుకొచ్చారు. లోపల అల్సేషన్ పిల్ల. "ఒరిజినల్ జర్మన్ షెపర్డ్ మావయ్యగారూ, పేపర్లు తర్వాత పంపుతారు," అన్నారు. పేపర్లు రాలేదు. పిల్లకు నిండా ముప్పై రోజులు. ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండాల్సింది. తోబుట్టువుని గట్టిగా కొరికితే అది కుయ్యోమని ఆట మానేస్తుంది. ఎంత కొరకొచ్చో, ఎక్కడ ఆపాలో పిల్లకి తెలిసేది అక్కడే. ఆ చదువు వీడికి సగంలో ఆగిపోయింది. టైగర్ అని పేరు పెట్టి, ఆరో నెలలో నన్ను తగిలించారు.

నాకు అదే మొదటి మెడ. వెచ్చగా, వత్తుగా బొచ్చు. నేను ఆ బొచ్చులో కూరుకుపోయేవాణ్ణి. గొర్రెల మంద అంచున పొద్దస్తమానం నడుస్తూ చేలో పడకుండా కాసే కుక్కల నుంచి 1899లో ఫాన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి ఈ జాతిని స్థిరపరిచాడట. అల్లుడుగారు గర్వంగా చెప్పారు. అంటే వీడి కాళ్ళలో ఉన్నది మైళ్ళ నడక. నా పొడుగు ఆరడుగులు. వేపచెట్టు మొదట్లో కట్టేసిన నెలలోపే చుట్టూ ఆ మేరన గడ్డిపరక లేకుండా పోయింది. నేల మీద మేమిద్దరం కలిసి గీసిన సున్న అది.

కట్టేసిన కుక్కకి రెండు దారులు ఉండవు. కొత్తది ఏదైనా ఎదురైతే వదిలిన కుక్క వెనక్కి తగ్గి వాసన చూస్తుంది, చుట్టూ తిరిగి వస్తుంది. కట్టుకొయ్య దగ్గరున్నది వెనక్కి పోలేదు, కాబట్టి మీదికి దూకడమొకటే మిగులుతుంది. టైగర్ పాలబ్బాయిని చూసి అరిచాడు, కరెంటు బిల్లు మనిషిని చూసి అరిచాడు, రాలిన మామిడికాయను చూసి అరిచాడు. అందర్నీ చూసి ఒకే గొంతుతో అరిచే కుక్క మాట ఇంట్లోవాళ్ళు వినడం మానేస్తారు.

2018 మేలో ఒక రాత్రి కంచె వైపు నుంచి మనుషులు దిగారు. మాకు ఎనభై గజాల దూరం. టైగర్ పెట్టిన పెడబొబ్బ నేను మరిచిపోలేను. లాగిన లాగుడికి నాలో ఒక లంకె సాగింది, ఇప్పటికీ తడిమితే తెలుస్తుంది. మాస్టారు కిటికీ తీసి, "ఊరుకోరా, నిద్ర చెడగొట్టకు," అని మళ్ళీ మూశారు. తెల్లారేసరికి కోసి మాగబెట్టడానికి పెట్టుకున్న కాయ సగం లేదు. వాడికి తెలుసు. వాడు చెప్పాడు. కదలనివ్వనిది నేను.

పొద్దున మాస్టారు కర్ర తీసుకుని వేపచెట్టు దగ్గరికి వచ్చారు. మామ్మగారు వసారాలోంచే కేకేశారు. "తప్పు చెయ్యని తన బిడ్డని కొట్టారని సరమ అనే కుక్క జనమేజయుడి కొలువుకొచ్చి నిలదీసిన కథ ముప్పయ్యేళ్ళు పిల్లలకి చెప్పావు కదరా అబ్బాయ్! అది వాళ్ళకేనా?" కర్ర గోడకి చేరగిలబడింది.

వాడు మూడో వేసవి దాటలేదు. రెండు పొరల బొచ్చు చలిదేశానికి సరిపోతుంది గానీ కృష్ణాజిల్లా వడగాడ్పుకి కాదు. తడిపిన గోనెసంచి మీద పడుకుని నాలుక బారెడు చాచి రొప్పేవాడు. బొచ్చు అడుగున గోమార్లు. వాటి నుంచి జ్వరం పట్టి చిగుళ్ళు పాలిపోయాక గానీ పశువుల డాక్టర్ని పిలవలేదు. ఆయన నన్ను చేత్తో పట్టుకుని అన్నమాట ఇది: "మాస్టారూ, 1960 జంతుహింస చట్టం, 11వ సెక్షన్ చూడండి. మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువు గొలుసుతోనో గంటల తరబడి కట్టేస్తే నేరం. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకపోయినా నేరమే." నా ప్రస్తావన చట్టంలో ఉందని అప్పుడే తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేది.

నన్ను కడక్కుండానే అటక మీద పడేశారు. టైగర్ వెంట్రుకలు నా లంకెల్లో ఏడాదిన్నర ఉండిపోయాయి.

2020 ఆగస్టు 30న రేడియోలో ప్రధాని 'మన్ కీ బాత్'లో దేశీ కుక్కల్ని పెంచుకోమని చెబుతూ ముధోల్, రాజపాళయం, చిప్పిపరై అని పేర్లు చదివారు. అప్పటిదాకా ఇంకో కుక్క వద్దంటున్న మాస్టారు రేడియో గొంతు పెంచారు. పోస్టుమాస్టరు గారు మర్నాడే ఆల్బం తెచ్చి, 2005లో తపాలాశాఖ వేసిన రాజపాళయం బిళ్ళ చూపించారు. తెల్లని ఒళ్ళు, గులాబీరంగు ముక్కు. ముధోల్ మాట వస్తే డాక్టరు గారు, "అది కుందేళ్ళ వెంట పరిగెత్తే వేటకుక్క. మీ రెండెకరాలు దాని ఒక్క దౌడుకి చాలవు. రాజపాళయం ఇల్లు కాస్తుంది," అన్నారు. నిజానికి అదీ వేట నుంచి వచ్చిందే, కానీ ఇంటిని పట్టుకుని ఉంటుంది. ఈసారైనా ఆలోచించి ఎంచుకుంటున్నారు కదా అని నేను అటక మీద సంతోషించాను.

2021 జనవరిలో గోదాదేవి దర్శనానికి మాస్టారు, అమ్మగారు శ్రీవిల్లిపుత్తూరు బయలుదేరారు. 'ఆముక్తమాల్యద' పాఠం చెప్పినన్నాళ్ళూ ఆ ఊరు చూడలేకపోయానన్నది ఆయన బాధ. రాజపాళయం అక్కడికి పది పన్నెండు కిలోమీటర్లే. తిరుగు ప్రయాణంలో పిల్లని తెచ్చుకుందామని నన్ను కూడా సంచిలో పెట్టుకున్నారు. పాలుతాగే పిల్లకి గొలుసెందుకో ఆయనకే తెలియాలి.

రాజపాళయంలో కుక్కల్ని పెంచే ఆ ఇంటివాళ్ళు రాజులు. తరాల కిందట మన వైపు నుంచి వలస వెళ్ళి, ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్ళు. యాస వేరు, మాట మనదే. కాఫీలు, పలకరింపులు అయ్యాక పెరట్లోకి తీసుకెళ్ళారు. తెల్లటి తల్లి, దాని చుట్టూ ఏడు పిల్లలు. మాస్టారు వంగేసరికి భుజాన ఉన్న సంచి జారింది, నేను సిమెంటు గచ్చు మీద ఖణేల్మని పడ్డాను. ఆరు పిల్లలు చెల్లాచెదురై తల్లి పొట్ట కిందికి దూరాయి. ఒక్కటి మాత్రం ఉన్నచోటే కూర్చుని మాస్టారి చెప్పు వాసన చూస్తూ ఉండిపోయింది.

"చూశావుటే ధైర్యం! పిడుగు పడ్డా చలించేట్టు లేడు," అన్నారు మాస్టారు అమ్మగారితో. ఆ ఇంటి పెద్దాయన ఏదో చెప్పబోయి, ఇంకోదాన్ని చూడమన్నాడు. మాస్టారు వినలేదు. కృష్ణదేవరాయల పేరు మీద రాయలు అని అప్పటికప్పుడే పేరు కూడా పెట్టేశారు.

అసలు సంగతి ముందు తెలిసింది నాకే. నేను గలగలమంటే చాలు, విప్పుతారేమోనని టైగర్ గిరికీలు కొట్టేవాడు. ఏ కుక్కయినా అంతే, చెవులు రిక్కిస్తుంది. రాయలు వెల్లకిలా నిద్రపోతూనే ఉండేవాడు. నేను ఎంత గలగలమన్నా వాడి చెవి కదిలేది కాదు. మాస్టారికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. పిలిచినా రాడు, మొండివాడనుకున్నారు. నిద్రలో ఉండగా వెనక నుంచి ముట్టుకున్న పనిమనిషి చేతిని ఉలిక్కిపడి పట్టేశాక డాక్టరు గారు వచ్చి, వాడి వీపు వెనక స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టారు. వాడు తోకాడిస్తూ మాస్టారి మొహమే చూస్తున్నాడు.

"పుట్టు చెవుడండీ. ఈ జాతిలో ఉన్నదే. ఒంటికి రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉండాలి, అవి లేకపోతే చెవి పనిచెయ్యదు."

మాస్టారు ధైర్యమనుకున్నది చెవుడు. ఆ పరీక్ష పెట్టింది నేను.

కావలికని ఎనిమిది వందల కిలోమీటర్ల పైన వెళ్ళి చెవిటి కుక్కను తెచ్చుకున్నారన్న మాట ఊళ్ళో నెల రోజులు నడిచింది. ఎవరికైనా ఇచ్చెయ్యండని అల్లుడుగారు ఫోన్లో అన్నారు. మామ్మగారు ఫోను లాక్కున్నారు. "చెవిటిదాన్ని వదిలెయ్యాలంటే ముందు నన్ను వదలండి నాయనా. నాకు సరిగ్గా వినపడి పదేళ్ళయింది." ఆ రోజు నుంచి వాడు ఆవిడ మంచం కిందే. లేపాలంటే ముందు నేల మీద కాలితో తట్టాలని అందరూ నేర్చుకున్నారు. నన్ను ఎవరూ ముట్టుకోలేదు.

ఇక మూడోదాన్ని ఎవరూ ఎంచుకోలేదు. 2022 వానల్లో మోటారు గది వెనక ఒక ఊరకుక్క ఈనింది. ఎర్రటి ఒళ్ళు, నొసట తెల్లచుక్క. పిల్లల్ని తలా ఒకటి పట్టుకెళ్ళాక అది వెళ్ళలేదు. మామ్మగారు పెట్టిన పెరుగన్నం తిని వసారా మెట్టు మీద స్థిరపడింది. చుక్క అన్నారు. డాక్టరు గారు ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసి వెళ్ళారు. మాస్టారు పాత అలవాటు కొద్దీ నన్ను దాని మెడకి తగిలించారు. అది అరవలేదు, లాగలేదు. ఉన్నచోట ముడుచుకుని కూర్చుని రోజంతా ముద్ద ముట్టలేదు. సాయంత్రానికి అమ్మగారు వచ్చి, "మీ గొలుసు మీరే మెళ్ళో వేసుకోండి," అని విప్పేశారు. నా బతుకులో నాకు నచ్చిన మాటల్లో అదొకటి.

చుక్క ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోలేదు, చూసి పెట్టుకుంది. ఇంట్లోవాళ్ళ వెంట వచ్చినవాళ్ళు పరవాలేదు. పాలబ్బాయి పొద్దున పరవాలేదు, అదే అబ్బాయి రాత్రి తొమ్మిదికొస్తే మెట్టు దిగి నిలబడుతుంది. కోతుల మీద అరుపు చెట్ల కింద పరిగెత్తుతూ ఉంటుంది. పాము అయితే ఒకే చోట, వెనక్కి గెంతుతూ పొట్టి పొట్టిగా. మనిషి అయితే ముందు గొంతులోనే గుర్రుమని, తర్వాత పెద్దగా. నెల్లాళ్ళలో మాస్టారు మంచం మీద నుంచే "పాము" అనో "కోతులు" అనో చెప్పగలిగేవారు. రాయలేమో దాన్నే చూస్తూ ఉండేవాడు. అది చెవులు నిలబెడితే లేచి నిలబడేవాడు. ఏ వైపు తిరిగితే ఆ వైపుకే.

నన్ను చివరికి గేటుకి చుట్టి తాళం వేశారు. పక్కనే ఆ రేకు బోర్డు, అక్షరాలు వెలిసిపోయి 'కుక్క ఉన్న' దాకా మిగిలింది. ఇప్పుడు అది చెప్పేది సగమే గానీ నిజం.

2024 మేలో, కరెంటు పోయిన ఒక రాత్రి, ఒక చెయ్యి నా మీద పడింది. ఇంటివాళ్ళ చెయ్యి కాదు, మెల్లగా తాళాన్ని తడుముతోంది. ఆ సాగిన లంకె దగ్గర నేను కణుక్కుమన్నాను. మెట్టు మీద చుక్క తల లేచింది. అది లేవడం చూసి మంచం కింద నుంచి రాయలు లేచాడు. చుక్క అరుస్తూ వచ్చింది, వాడు అరవకుండా వచ్చాడు. రెండడుగుల పైన ఎత్తు, చీకట్లో తెల్లగా, చప్పుడు లేకుండా మీదికి దూసుకొస్తున్నది కుక్క అని ఆ మనిషికి తోచి ఉండదు. పొద్దున గేటు అవతల ఒక చెప్పూ, ఒక కటింగ్ ప్లేయరూ దొరికాయి.

మాస్టారు తాళం తీసి నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. తుప్పు పట్టిందని, కిర్రుమంటోందని కుట్టుమిషను నూనె సీసా తెచ్చారు. మామ్మగారు కర్ర ఊతంతో గేటు దాకా వచ్చారు.

"ఒరే అబ్బాయ్, దానికి నూనె పెట్టకు. చప్పుడు చెయ్యనీ."

మాస్టారు సీసా మూత పెట్టేశారు.