చేపకు పురిటి సెలవు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట బంద్. చేపమ్మకు పురిటి సెలవన్నమాట!

పురుడు చేపకు. పత్యం మాత్రం నెల్లూరు తీరంలోని గంగపుత్రుడికి.

2025లో వేట నిషేధ భృతి రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెరిగింది. భాగిస్తే రోజుకు సుమారు రూ.328. ఇంటిల్లిపాదికీ కలిపి!

మైపాడు బీచ్‌కొచ్చిన పట్నపు బాబులు, వల బాగుచేసుకుంటున్న ఆయన పక్కన సెల్ఫీ దిగి, 'పల్లె బతుకెంత హాయో!' అని నిట్టూరుస్తారు.

తీరా నిషేధం ముగిశాక, తమిళనాడులోని కడలూరు హైస్పీడ్ బోట్లు ఇటొచ్చి ఊడ్చుకుపోతాయి.

కనేది చేప, కడుపు మాడ్చుకునేది మనవాడు, పట్టుకెళ్లేది పొరుగువాడు. పని విభజనంటే ఇదీ!