గండూపదుని వాఙ్మూలము

నిఘంటుకారులు నన్ను గండూపదమనియు భూనాగమనియు గౌరవించినను, కర్షకులు వానపామనియు, గాలము వేయువారు ఎఱ్ఱయనియు పిలుతురు. నాకు కన్నులు లేవు, చెవులు లేవు, ఎముకలు లేవు. ఇన్ని లేనివానికి ఆత్మకథ యొకటియాయని పాఠకులు నవ్వవచ్చును గాని, నా జాతివారిలో ఎందరు చచ్చిరో లెక్కించి ఒక పురుగుమందు పొలమునకు పోవచ్చునా పోరాదా యని పండితులు విచారించు కాలమిది గనుక, ఆ లెక్కలోని అంకె తన మాట తాను చెప్పుకొనుట అవినయము కాదనుకొందును.

అనంతపురము సీమలో, తాటాకు పందిరి క్రింద, ఆవుపేడయు ఎండుటాకులును కుళ్లుచున్న యొక వర్మీకంపోస్టు తొట్టిలో, నిమ్మపండు ఆకారము గలిగి బియ్యపుగింజకంటె చిన్నదైన కోశమునుండి నేను వెలువడితిని. మా పూర్వులు ఐరోపావారు. శాస్త్రజ్ఞులు మాకు పెట్టిన పేరు ఐసీనియా ఫెటిడా. అందు రెండవ పదమునకు దుర్గంధము గలదని యర్థము. నామకరణమునాడు మా బంధువులెవరును దగ్గర లేకపోయిరి కాబోలు. అయినను మా కులమునకు కీర్తి లేకపోలేదు. 1881లో చార్లెస్ డార్విన్ తన వార్ధక్యమున మమ్ముగూర్చియే ఒక గ్రంథము వ్రాసి, ఇంగ్లండులోని పెక్కుచోట్ల ఎకరమునకు ఏటేట పది టన్నులకు మించిన మన్ను మా పొట్టలగుండ సాగిపోవుచున్నదని లెక్కకట్టెను.

నాకు రెండు నెలలు నిండి, మెడదిక్కున వలయమేర్పడి, యౌవనము వచ్చినదని రూఢియైన పిమ్మట, నన్ను తూచి ఒక ప్రయోగశాలకు కొనిపోయిరి. అచట మాకు విడిదిగా నిచ్చిన మన్ను ఏ నాగలియు దున్ననిది, ఏ వానయు తడపనిది: నూటికి 70 పాళ్లు సన్నని ఇసుక, 20 పాళ్లు తెల్లబంకమన్ను, 10 పాళ్లు చిత్తడినేలలలో పేరుకొనిన నాచుపొడి. ఓఈసీడీయను అంతర్జాతీయ సంస్థ 1984లో విధించిన పరీక్షావిధానము ప్రకారము లోకమంతట ఈ మన్ను ఒక్కటే. పాత్రకు పదిమంది చొప్పున మమ్ము వదలి, పైన అహోరాత్రములు దీపము వెలిగించి యుంచిరి. వెలుతురునకు వెరచి మేము పైకి రాక, మందు కలిపిన మంటిలోనే యుండవలెనని వారి యుపాయము. ఏడవనాడును పదునాలుగవనాడును మమ్ము పళ్లెములో పోసి, తలవైపు మెల్లగా తాకి చూతురు. కదలినవాడు జీవి, కదలనివాడు మృతుడు. ఇంతకుమించిన వాఙ్మూలము మావద్ద ఎవరును కోరలేదు. సగముమందిని చంపు మోతాదేదో తేల్చి పుస్తకమున వ్రాసికొనిరి.

నా పాత్రలో మందు లేదు. పొరుగు పాత్రలలోని చావులు మందువలననే కలిగినవని నిరూపించుటకు, మందులేని మంటిలో మేము బ్రతికి చూపవలెను. మాలో నూటికి పదిమందికి మించి మరణించినచో పరీక్షయే చెల్లదు. ఇట్లు నా బ్రతుకు నా పుణ్యము కాదు, శాస్త్రమర్యాద.

అయితే విషతీవ్రత తెలిసినంతమాత్రాన అపాయము తెలియదు. బుట్టలోని త్రాచు ఎంత విషముగలదైనను, మూత పడియున్నంతవరకు ఇంటివారు నిద్రపోగలరు. కావున పండితులు రెండవ లెక్క వేయుదురు: చల్లిన మందులో మన్నుచేరునది ఎంత, అది ఎన్నిదినములకు సగమగును, మరల చల్లినప్పుడు పాతదానిపై క్రొత్తది ఎంత పేరుకొనును అని. మాలో సగముమందిని చంపు మోతాదు, పొలములో ఉండగల మోతాదునకు పదిరెట్లకంటె తక్కువైనచో, ఐరోపాలో మరింత విచారణ జరుపనిదే అనుమతి నీయరు. లెక్క మంచిదే. కాని నేను పేడకుప్పలలో బ్రతుకువాడను. దున్నిన చేలలో నుండువారు లాంపిటో మారిటీ మొదలైన నా దాయాదులు. వారి పక్షమున నేను సాక్ష్యమిచ్చుట, పట్టణవాసి పల్లె తగవును తీర్చుటవంటిది.

ఇక రంగుల సంగతి. నాకు కన్నులు లేవు గనుక ఇది విన్నమాట. చెవులును లేవుగదా యనువారితో వాదింపను. మనదేశమున 1971నాటి నిబంధనలననుసరించి మందుడబ్బాపై ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ త్రికోణములలో నొకటి ముద్రింతురు. ఆ రంగును నిర్ణయించునది ప్రధానముగా ఎలుక: ఎంత మ్రింగినచో చచ్చునో దానినిబట్టి. కిలో దేహభారమునకు 5000 మిల్లీగ్రాములు మించినచో ఆకుపచ్చ. వరి అగ్గితెగులునకును, వేరుశనగ టిక్కా మచ్చలకును వాడు కార్బెండజిమ్ అట్టి ఆకుపచ్చ మందు. అది బూజు కణములను విభజన చెందనీయదు. మనుష్యునకు ఎరుపు మందులవలె తక్షణ ప్రాణభయము కలిగింపదు. కాని మా సంతాన పరీక్షలో, మేము సరిగా స్పందించుచున్నామో లేదో చూచుటకు పండితులు ఎన్నుకొన్న ప్రమాణవిషము ఈ కార్బెండజిమే! కిలో మంటికి 1 నుండి 5 మిల్లీగ్రాములు చాలును, మా సంతతి క్షీణించుటకు. ఒక లెక్క దేహమునకు, వేరొకటి మంటికి గనుక రెంటిని తూచరాదని నేనెరుగుదును. అయినను ఎలుక నాలుకతో నా భవిష్యత్తు చెప్పించుట నాకు సమ్మతము కాదు.

ఆ సంతాన పరీక్షకు పోయినవారు నా తోబుట్టువులు. నాలుగు వారములకు పెద్దలను తీసివేసి, మరి నాలుగు వారములకు పిల్లలను లెక్కింతురు. చావక, పుష్టిగానున్న తలిదండ్రుల పాత్రలో పిల్లలే లేకపోవుట అచ్చట కనబడును. 1970ల దశకమున ఇంగ్లండు ఆపిల్ తోటలలో, కార్బెండజిమ్‌గా మారు బెనోమిల్ చల్లినచోట, మావారు కొరవడి రాలిన ఆకులు నేలలోనికి పోక పైననే పేరుకొనెను. అమెరికాలోనైతే కథ వేరు: ఎల్మ్ చెట్లపై చల్లిన డీడీటీ ఆకులతో రాలి మా కడుపులలో చేరగా, మాలో పలువురు చావలేదు, పదునొకండు పెద్ద వానపాములను తిన్న రాబిన్ పక్షి చావవచ్చునని 1962లో రేచెల్ కార్సన్ తన ‘సైలెంట్ స్ప్రింగ్’లో వ్రాసెను. తలవైపు తాకి చూచినచో మేమప్పుడు చక్కగా కదలియుందుము.

ఒకసారి సాక్ష్యమిచ్చినవానిని మరల పిలువరు గనుక, సహాయకురాలు నన్ను ఎరువు తొట్టిలోనికి విడిచినది. ఆ ఎరువు గోతాములలో ఒక వేరుశనగ చేనికి పోయినది. నాలుగవ వారమున ఆకులపై మచ్చలు లేచినవట. గట్టుమీద డ్రమ్ములో నీళ్లు కలుపుచు కుఱ్ఱవాడొకడు, “ఇది పచ్చగుర్తు మందేలే మామా, యేం గాదు” అనెను. వాన పడినప్పుడు పైకి వచ్చుట మా వంశాచారము. మా పేరే దానినుండి వచ్చినది. పైని మంటిపై సన్నని చినుకుల తాకిడి తెలిసి, నేను తల యెత్తితిని.