అంతా టాలీయే సార్!

ప్రతి కంపెనీలోనూ నెలకు రెండు జీతాలుంటాయి. హెచ్‌ఆర్ వాళ్లు రిజిస్టర్లో రాసింది ఒకటి, బ్యాంకు వాళ్లు ఖాతాలో వేసింది ఇంకొకటి. ఈ రెండూ ఒకటేనని మనస్ఫూర్తిగా నమ్మే అమాయకుడు ఉద్యోగి ఒక్కడే. మిగతా అందరికీ నిజం తెలుసు కాబట్టే, ఆ రెండింటినీ కలపడానికి ప్రతి ఆఫీసులోనూ ఒక మనిషిని జీతమిచ్చి మరీ పెట్టుకుంటారు. (ఆయన జీతం కూడా ఆ రెండు చోట్లా వేర్వేరుగానే ఉంటుంది.) ఆయన చేసే పనికి బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ అని పెద్ద పేరు, బీఆర్ఎస్ అని పొట్టి పేరు. తెలంగాణలో ఆ పేరుతో ఒక పార్టీ వచ్చినప్పటి నుంచి, "బీఆర్ఎస్ సంగతి ఇంకా తేలలేదు సార్" అని ఫోన్లో గట్టిగా అనాలంటే పాపం ఆయన అటూ ఇటూ చూసుకుంటున్నాడు.

హెచ్‌ఆర్‌కూ అకౌంట్స్‌కూ మధ్య ఉన్న అడ్డం ఒక గాజు తలుపే. అయినా మాట్లాడుకునేది మెయిల్లోనే, అదీ జనరల్ మేనేజర్ గారికి ఒక కాపీ పడేసి. పెళ్లయిన రెండేళ్లకు లాంఛనాల బాకీ గుర్తొచ్చిన వియ్యంకుల మర్యాద వాళ్లది. హెచ్‌ఆర్ మేడమ్ దగ్గరున్న షీటు పేరు "జూన్ శాలరీ ఫైనల్". అకౌంట్స్‌లో ఉన్నది "జూన్ శాలరీ ఫైనల్ 2". బ్యాంకు సైటుకు ఎక్కింది "జూన్ ఫైనల్ రివైజ్డ్ లేటెస్ట్". మూడింటికీ కన్నతల్లి మే నెల ఫైలే. దాన్ని కాపీ కొట్టి, నెల పేరు మార్చి, కొత్తగా చేరిన వాళ్లను కింద తగిలిస్తారు. తగిలించడం అందరికీ గుర్తుంటుంది. తీసేయడమే, ఎవరికి గుర్తుంటే వాళ్లు.

నాకు తెలిసిన ఫ్యాక్టరీ ఒకటి హైదరాబాద్ జీడిమెట్లలో ఉంది. ప్లాస్టిక్ డబ్బాలు చేస్తారు. అక్కడ జూన్ జీతాల దగ్గర ఇరవై రూపాయల తేడా వచ్చింది. రిజిస్టర్ మొత్తం కన్నా బ్యాంకు నుంచి పోయింది ఇరవై తక్కువ. పోనీలెమ్మని సర్దుకుంటే అది అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ ఎందుకవుతుంది? "ఇరవై రూపాయలని కాదండీ, లెక్క లెక్కే కదా" అన్నారు ఫైనాన్స్ మేనేజర్ గారు. రాత్రి తొమ్మిదింటి దాకా ముగ్గురు కూర్చున్నారు. ఆకలేసి బిర్యానీ తెప్పించారు. బిల్లు 900. అది స్టాఫ్ వెల్ఫేర్ పద్దులోకి పోయింది.

చివరికి తేడా ఈఎస్ఐలో దొరికింది. ఒక వర్కర్ స్థూల జీతం 17,000 అనుకోండి. ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 127 రూపాయల 50 పైసలు. పైసలు తగిలితే పై రూపాయికి ఎక్కించాలన్నది ఈఎస్ఐ వారి నియమం. కాబట్టి 128. ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌కు ఆ నియమం ఎవరూ చెప్పలేదు, అది నిజాయతీగా అర్ధరూపాయి దగ్గరే ఆగింది. అలాంటి వాళ్లు నలభై మంది. నలభై అర్ధరూపాయలు, ఇరవై. పీఎఫ్ వారిది మరో సంప్రదాయం, దగ్గర్లో ఏ రూపాయి ఉంటే దానికి సర్దుతారు. యజమాని వాటాలో పెన్షన్‌కు పోయే 8.33 శాతం, 15,000 మీద లెక్కేస్తే 1,249 రూపాయల 50 పైసలు. అది 1,250 అవుతుంది. మన దేశంలో అర్ధరూపాయి నాణేన్ని కిళ్లీకొట్టువాడు కూడా తీసుకోవడం మానేశాడు గానీ, పేరోల్‌లో మాత్రం అది ఇప్పటికీ ముగ్గురు గ్రాడ్యుయేట్లను రాత్రి తొమ్మిది దాకా కూర్చోబెట్టగలదు.

తప్పు మనుషులదేనా అంటే, పాపం యంత్రాలకూ వాటా ఉంది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఖాతా నంబరుకు 16 అంకెలు. ఎక్సెల్ ఏ సంఖ్యనైనా పదిహేను స్థానాల దాకానే గుర్తుపెట్టుకుంటుంది. పదహారో స్థానంలో సున్నా పెట్టేసి ఊరుకుంటుంది. ఆ గడిని ముందుగానే టెక్స్ట్‌గా మార్చుకున్నారా బతికారు. లేదంటే ఆ పదహారు అంకెలూ ముడుచుకుపోయి, మధ్యలో చుక్కతో, చివర "ఈ ప్లస్ 15" అని కనిపిస్తాయి. ఖాతా నంబరు మొదట్లో సున్నాలుంటే వాటికీ విలువ లేదని తీసేస్తుంది. గణితంలో అది నిజమే. బ్యాంకులో కాదు.

పైగా నెఫ్ట్‌లో డబ్బు వెళ్లేది నంబరును బట్టి. పేరు కేవలం మన తృప్తి కోసం రాస్తాం. డబ్బు పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 లోగా పెట్టమని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ చెప్పింది. ఒకరికి పంపేటప్పుడు అది బ్రహ్మాండం. రెండు వందల మందిని ఒకే ఫైల్లో ఎక్కించి, ఓటీపీ కొట్టి, టీ తాగడానికి వెళ్లే మనిషి ఎన్ని పేర్లు చూస్తాడు? నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి రాత్రీపగలూ నడుస్తోంది, అరగంటకో బ్యాచి. 2021 ఆగస్టు నుంచి, మూకుమ్మడి చెల్లింపుల కోసం ఉన్న నాచ్ ద్వారా వచ్చే జీతం ఆదివారమైనా పడుతుంది. పాత రోజుల్లో జీతం ఆలస్యమైతే "నిన్న బ్యాంకు సెలవు" అని చెప్పుకునే సౌకర్యం ఉండేది. అది పోయింది. ఇప్పుడు "సర్వర్ డౌన్" ఒక్కటే మనల్ని కాపాడుతోంది.

సరే, ఇరవై రూపాయల దగ్గర ఇంత పట్టుదల ఉన్న ఈ హైదరాబాద్‌లోనే 2009 జనవరి 7న ఒక ఉత్తరం బయటికొచ్చింది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు స్వయంగా రాసింది. 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేవు. అక్కడ మాత్రం అకౌంటెంట్లు లేరా? ఆడిటర్లు లేరా? రాత్రి బిర్యానీలు లేవా? అన్నీ ఉన్నాయి. అసలు సంగతేమిటంటే అక్కడ టాలీ కానిది ఏదీ లేదు. పుస్తకం ఒక కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు ఇంకో కాగితం. రెండూ ఒక్క చోటే తయారైతే కలవక ఏం చేస్తాయి? ఇరవై రూపాయలు తేడా వచ్చిందంటే ఆ బ్యాంకు కాగితం నిజంగా బ్యాంకు నుంచే వచ్చిందని అర్థం. నన్నడిగితే, అక్షరం పొల్లుపోకుండా కలిసిన లెక్కనే ముందు అనుమానించాలి.

ఆ 2009 జనవరిలోనే ప్రాసిక్యూషన్ వారు కోర్టులో ఇంకో లెక్క చెప్పారు. కంపెనీ 53,000 మంది ఉద్యోగులంటోంది గానీ ఉన్నది 40,000 మందే, మిగతా 13,000 పేర్ల మీద నెలకు దాదాపు 20 కోట్లు డ్రా చేశారని. కంపెనీ వాళ్లు కాదు కాదు, మా మనుషులంతా ఉన్నారన్నారు. ఎవరి వాదన వాళ్లది. పుస్తకాలు మార్చిన కేసులో మాత్రం 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. ఆ మధ్యకాలంలో ప్రతి సత్యం ఉద్యోగీ తాను నలభైవేలలో ఉన్నాడో, పదమూడువేలలో ఉన్నాడో తెలియక ఒకసారి గిల్లి చూసుకునే ఉంటాడు.

లేని మనిషికి జీతం రాయడం పాత విద్య. మస్టర్ రోలు ఉన్న రోజుల నుంచీ ఉంది. వేలిముద్ర యంత్రం పెడితే పోతుందనుకున్నారు. పారిశుద్ధ్య కార్మికుల హాజరు కోసం కృత్రిమ వేలిముద్రలే తయారుచేసి ఈ నగరంలోనే పోలీసులకు దొరికిన వాళ్లున్నారు. వేలు మాత్రం డ్యూటీకి వచ్చి, మనిషి రాకపోవడం మన సాంకేతిక ప్రగతి. అయితే ఉన్న మనిషికి జీతం లేకుండా చేయడం, అదీ లెక్క రూపాయి తప్పకుండా, అది ఇంకా పెద్ద విద్య. దానికి మోసం అక్కర్లేదు, దురుద్దేశం అక్కర్లేదు. కాపీ, పేస్టు చాలు.

మళ్లీ జీడిమెట్లకే వద్దాం. ప్యాకింగ్ సెక్షన్లో జూన్‌లో ఒకామె చేరింది. హెచ్‌ఆర్ వాళ్లు పాస్‌బుక్ జిరాక్స్ అడిగితే ఇంట్లో ఉన్నదే తెచ్చిచ్చింది. దాని మీద ఆంధ్రా బ్యాంకు అని ఉంది. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఏడాది తిరిగేసరికి ఏఎన్‌డీబీ అని మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లూ చెల్లకుండా పోయాయి. బ్యాంకు పోయింది, కోడు పోయింది, బీరువాలో పాస్‌బుక్ మాత్రం చెక్కుచెదరలేదు. హెచ్‌ఆర్ మేడమ్ ఆ పదకొండు అక్షరాలూ ఒక్క తప్పు లేకుండా ఎక్కించారు.

ఆమె స్థూల జీతం 17,000. పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 128, వృత్తి పన్ను 150 పోగా చేతికి 15,282. ముప్పయ్యో తారీకు పొద్దున ఆ డబ్బు బయల్దేరి, సాయంత్రానికల్లా తిరిగి కంపెనీ ఖాతాకే వచ్చేసింది. ఇంకోవైపు మోల్డింగ్‌లో పనిచేసే కుర్రాడొకడు అదే గ్రేడువాడు, మే ఆఖరున మానేశాడు. హెచ్‌ఆర్ రిజిస్టర్లో అతని పేరు తీసేశారు. బ్యాంకు ఫైలు మే ఫైలుకు పుట్టిన బిడ్డ కదా, అందులో అలాగే ఉంది. అతనికి 15,282 హాయిగా పడింది. ఎక్కువ పోయింది 15,282, తిరిగొచ్చింది 15,282. రాత్రి తొమ్మిదింటి దాకా ఆ షీటును ముగ్గురు వరసవరసా చూశారు. అర్ధరూపాయలు నలభై దొరికాయి. ఈ ఇద్దరు మనుషులు దొరకలేదు. ఎందుకు దొరుకుతారు? వాళ్ల వల్ల మొత్తంలో తేడా ఏం రాలేదు. కింద డిఫరెన్స్ గడిలో సున్నా వచ్చింది. మేనేజర్ గారు దానికి ఆకుపచ్చ రంగు వేయించారు.

రెండో తారీకున ఆమె వచ్చింది.

"సార్, నా జీతం పడలే."

"పడకపోవుడేందమ్మా, అంతా టాలీ అయింది."

"అందరికీ పడింది సార్. నాకే పడలే."

"నీకు పడకపోతే నాకు టాలీ ఎట్లయితది?"

ఆమె కాసేపు ఆలోచించింది. "మరి నాది ఎవరికి పడ్డది సార్?"

సీఏ చదివిన వాళ్లు మూడేళ్లుగా అడగని ప్రశ్న అది. అకౌంటెంట్ గారికి అప్పుడు స్టేట్‌మెంటు తెరిచి లైను లైనూ చూడక తప్పలేదు. కుర్రాడు బయటపడ్డాడు. హెచ్‌ఆర్ మేడమ్ అతనికి ఫోన్ చేశారు. వేరే కంపెనీలో చేరానని, డబ్బు పడింది నిజమేనని, అది తన ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అనుకుని ఖర్చు పెట్టేశానని చెప్పాడు. అనుకోవడంలో తప్పేముంది? మానేసిన మనిషికి రావాల్సింది రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ చెబుతోంది. ఆ ఫ్యాక్టరీ చరిత్రలో నెలలోపు అందిన సెటిల్‌మెంట్ అదొక్కటే. అదీ పొరపాటున.

ఇక ఆమెకు ఇవ్వాల్సిన 15,282. నెల జీతం వచ్చే నెల 7 లోపు చేతికందాలి. డబ్బు ఉంది, సరైన ఐఎఫ్ఎస్‌సీ కూడా దొరికింది, ఒక్క మీట నొక్కితే పోతుంది. కానీ నొక్కితే బ్యాంకు నుంచి పోయింది రిజిస్టర్ కన్నా 15,282 ఎక్కువవుతుంది. ఆకుపచ్చ సున్నా పోతుంది. "జూన్ క్లోజ్ చేసేశాం కదండీ" అన్నారు మేనేజర్ గారు, చనిపోయిన వాళ్ల గురించి మాట్లాడే గొంతుతో. సస్పెన్స్ అకౌంట్లో పెడదామని ఒకరన్నారు. ఆడిటర్ అడుగుతాడని ఇంకొకరు. ఈ చర్చ 7 దాటి, రెండో శనివారం దాటి, 13 దాకా సాగింది. ఈలోగా ఆమె రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుని ఆ గాజు తలుపు దగ్గరికొచ్చి నిలబడేది.

దారి చూపించింది హెచ్‌ఆర్ మేడమే. రిజిస్టర్లో ఆ కుర్రాణ్ని జూన్‌కు కూడా ఉంచేద్దామన్నారు. ఇరవై ఆరు రోజులు హాజరు వేస్తే సరి. అప్పుడు రిజిస్టర్ 15,282 పెరుగుతుంది, ప్యాకింగ్ ఆమెకు వేసేది దానికి సరిపోతుంది, డిఫరెన్స్ మళ్లీ సున్నా. అకౌంటెంట్ గారు వేళ్ల మీద రెండుసార్లు లెక్కేసుకుని, చాలా ఏళ్ల తర్వాత గాజు తలుపు తెరుచుకుని వెళ్లి మేడమ్‌కు థాంక్స్ చెప్పారు. ప్యాకింగ్ ఆమెకు డబ్బు ఆ సాయంత్రమే పడింది. రిజిస్టర్లో ఉన్నాక పీఎఫ్, ఈఎస్ఐ కట్టకపోతే పోర్టల్‌కూ రిజిస్టర్‌కూ పొత్తు కుదరదు కాబట్టి, 15వ తేదీ గడువులోపు ఆ కుర్రాడి పేరు మీద అవీ కట్టేశారు.

నెలాఖర్లో అతనే ఫోన్ చేశాడు.

"మేడమ్, జూన్‌కి పీఎఫ్ కూడా జమైందని మెసేజ్ వచ్చింది, థాంక్స్. జూలై జీతానికి మాత్రం నా అకౌంట్ మారింది, కొత్త ఐఎఫ్ఎస్‌సీ వాట్సాప్‌లో పంపమంటారా?"