అట్టబొమ్మకు ఊరిబిండి వ్యాఖ్య

అవతారిక

మడక అంటే మా సీమలో నాగలి. శిరం అంటే తల. నాగలిని తలకెత్తుకున్న ఊరు కాబట్టి మడకశిర అయిందని నా వ్యుత్పత్తి. చరిత్ర చదివినవాళ్ళు ఒప్పుకోకపోయినా నాకేమీ బాధ లేదు. వ్యుత్పత్తి చెప్పే హక్కు వ్యాఖ్యాతకు ఎప్పుడూ ఉంది, నిరూపించే బాధ్యత ఎప్పుడూ లేదు. మొన్నమొన్నటిదాకా అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారిన ఈ ఊరికి మూడు దిక్కులా కర్ణాటకే. ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో అని లెక్కలు చెబుతాయి. ఆ సగటు ఏ సంవత్సరం పడిందో చూసినవాళ్ళు మాలో తక్కువ. ఇటువంటి చోట, ఈ ఎండాకాలం, నవలల మీద ఒక గ్రంథం పుట్టింది. గ్రంథమంటే నాలుగు వాక్యాలు. కర్త్రి నా మేనకోడలు, బెంగుళూరులో ఉద్యోగం. ప్రచురణ ఆమె వాట్సాప్ స్టేటస్‌లో. తాటాకు మీద రాస్తే మూడొందల ఏళ్ళుంటుంది, ఇది 24 గంటలుంటుంది. కాబట్టి వ్యాఖ్యాత త్వరపడాలి.

నచ్చిన నవలల అట్టలు రోజుకొకటి పెట్టి, ఇంకొకరిని పిలిచే ఈ సంప్రదాయం ఆమె సొంతం కాదు. 2020లో లాక్‌డౌన్ పడి అందరూ ఇళ్ళలో కూలబడ్డప్పుడు ఫేస్‌బుక్‌లో తెలుగువాళ్ళ మధ్య జోరుగా తిరిగిన పందెమే ఇది. అప్పట్లో దానికి ఎవరూ టీక రాయలేదు. ఆ లోటు తీర్చడానికే నేను పూనుకున్నాను.

మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. నాకు అంత నిగ్రహం లేదు. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరైన అయ్యోరిని. మల్లినాథుడు తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. నాది ఊరిబిండి. ఊరిబిండి లేనిదే సంగటి గొంతు దిగదు, టీక లేనిదే మూలం దిగదు.

మూలం

నా మనసుకు నచ్చిన ఏడు నవలలు. రోజుకొక అట్టబొమ్మ. వివరణ లేదు, సమీక్ష లేదు. ఈరోజు మా పెద్దమ్మను పిలుస్తున్నా.

ప్రతిపదార్థం

నా = ఈ వాక్యం పెట్టిన ఆమె యొక్క; మనసుకు = హృదయానికి (చూసేవాళ్ళ మనసుకు అని కొందరు); నచ్చిన = ఇష్టమైన (చదివిన అని అర్థం కాదు, విశేషాలు చూడండి); ఏడు = ఆరుకు పైన, ఎనిమిదికి కింద ఉండే సంఖ్య గల; నవలలు = కల్పించిన పెద్ద కథలు; రోజుకొక = రోజుకు ఒకటి చొప్పున, ఉకారసంధి; అట్టబొమ్మ = పుస్తకం పైఅట్ట ఫోటో; వివరణ = ఎందుకు నచ్చిందో చెప్పడం; సమీక్ష = ఎందుకు నచ్చలేదో చెప్పడం; లేదు = ఉండకూడదు; ఈరోజు = గుర్తొచ్చిన రోజు; మా పెద్దమ్మను = నా పెద్దక్కను; పిలుస్తున్నా = ఆహ్వానిస్తున్నా, భోజనానికి కాదు.

తాత్పర్యం

బొమ్మ చూసి నోరు మూసుకోండి.

విశేషాలు

ఏడు అనే పదంలో మూడర్థాలున్నాయి. అంకె ఒకటి. సంవత్సరం రెండు. గారం చేసే పిల్లవాణ్ణి తల్లి విసుక్కుని "ఏడు" అన్నప్పుడు వచ్చేది మూడు. ఈ పందెంలో మొదటి అర్థంతో మొదలుపెట్టినవాళ్ళు నాలుగో రోజుకు మూడో అర్థానికి వస్తారు, ఎందుకంటే ఇంట్లో నవలలు మూడే ఉంటాయి. ఏడు రోజుల నియమం భాగవత సప్తాహం నుంచి వచ్చిందని నా అనుమానం. పరీక్షిత్తు ఏడు రోజులు విన్నాడు, మోక్షం పొందాడు. ఇక్కడ వినడం నిషిద్ధం.

నవల. వీరేశలింగం 1878 నాటి తన రాజశేఖర చరిత్రాన్ని వచన ప్రబంధం అనే అన్నారు. నవల అనే మాట కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి పెట్టింది. కొత్తదనాన్ని పట్టుకొచ్చేది అని ఆయన చెప్పిన అర్థం. అయితే పాత తెలుగులో నవల అంటే ఆడమనిషి. శాస్త్రిగారు ఆ సంగతి గుర్తుంచుకుని పెట్టారో లేదో గాని, 1960లు, 70లలో వారపత్రికల సీరియళ్ళను రచయిత్రులు ఏలిన తీరు చూస్తే నిఘంటువే ముందుగా పసిగట్టిందని ఒప్పుకోవాలి.

నచ్చిన. దీనికి చదివిన అని అర్థం రాదని పైన అన్నాను. ప్రమాణం చూపుతాను. మొదటి రోజు మేనకోడలు పెట్టింది గోపీచంద్ రాసిన అసమర్థుని జీవయాత్ర. పక్కన కాఫీ కప్పు, కిటికీలోంచి పడుతున్న ఎండ, అంతా కుదిరింది. కానీ పుస్తకంలోంచి బస్సు టిక్కెట్టు ఒకటి తొంగిచూస్తోంది. అట్టకూ దానికీ మధ్య మహా ఉంటే ఇరవై పేజీలు. కథానాయకుడు సీతారామారావు పతనం ఇంకా సరిగ్గా మొదలే కాలేదు. ఫోన్ చేసి అడిగితే, "మామా, వివరణ లేదు అని రాసినా కదా" అనింది. నియమం ఎంత ఉపకారమో అప్పుడర్థమైంది.

రెండో రోజు మా చిన్నాన్న కొడుకు వేయిపడగలు పెట్టాడు. విశ్వనాథ సత్యనారాయణ ఆ నవలను 1934లో 29 రోజుల్లో ఆశువుగా చెప్పారు. పీవీ నరసింహారావు దాన్ని హిందీలోకి సహస్రఫణ్ అని తెచ్చారు. మావాడు దాన్ని కొని 29 ఏళ్ళయింది, తలకింద పెట్టుకుని మధ్యాహ్నం నిద్రపోవడం తప్ప వేరే ప్రయోజనం పొందినట్టు సాక్ష్యం లేదు. ఫోటోలో దిండు గలేబు కొస కూడా పడింది.

ఇంకొక బంధువు, పేరు చెప్పను, బారిస్టర్ పార్వతీశం పెట్టాడు. అట్ట మీద ఊదారంగు గుండ్రటి ముద్ర, శాఖా గ్రంథాలయానిది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల సెస్సు కడుతున్నాం కదా, ఆ పుస్తకం మాదే అని అతని వాదన. 1960 నాటి గ్రంథాలయాల చట్టంలో ఇటువంటి అన్వయం ఎక్కడా కనిపించలేదు. పార్వతీశం ఇంగ్లండు వెళ్ళి తిరిగొచ్చాడు, ఈ పుస్తకం మాత్రం వీధి దాటి వెళ్ళింది, తిరిగి రాలేదు.

శంక

మూలమే వివరణ వద్దంటుంటే ఈ టీక ఎందుకు? ఇది ధిక్కారం కాదా?

సమాధానం. ప్రసక్తి లేనిచోట నిషేధం ఉండదని మీమాంసకులు చెప్పారు. కుందేటి కొమ్ము విరవొద్దు అని ఎవరూ బోర్డు పెట్టరు. గోడ మీద పోస్టర్లు అంటించరాదు అని రాసి ఉందంటే అక్కడ అంటించేవాళ్ళు ఉన్నారనే అర్థం. కాబట్టి వివరణ లేదు అనే వాక్యానికి, జనం వివరించకుండా ఉండలేరు అనేదే ధ్వని. నవల నచ్చినవాడికి ఇంకొకరి మోచెయ్యి పట్టుకుని "ఆ పడవ దగ్గర ఏమైందంటే" అని మొదలుపెట్టడం తప్ప వేరే ఆనందం లేదు. అట్ట చూపించి ఊరుకోమనడమంటే ఓళిగ వాసన చూపించి విస్తరి తీసేయడమే.

ధిక్కారం ఎట్లా మొదలైందో కూడా చెప్పాలి. అమరాపురం పక్క వక్కతోట, మెట్ట మీద శెనక్కాయ చేను ఉన్న మా బావ, కేశవరెడ్డి రాసిన అతడు అడవిని జయించాడు పెట్టాడు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి పోయి గడిపిన ఒక్క రాత్రి ఆ కథ. బావ నియమాన్ని రెండు మాటల మేరకే మీరాడు. అట్ట కింద "రాత్రంతా మేలుకున్నా" అని రాశాడు. ఇది శ్లేష. పుస్తకం దించలేక మేలుకున్నాడా, చేలో అడవిపందులు పడకుండా డబ్బా కొడుతూ మేలుకున్నాడా? నేను రెండు రోజులు ఆలోచించి, అడిగేశాను. "రెండూ ఒకటే రాత్రి, బావా. టార్చి ఒకటే" అన్నాడు. ఆ నవల గురించి వచ్చిన వ్యాసాలు కొన్ని చదివాను. ఏ వ్యాసకర్తకూ ఈ టార్చి లేదు.

భాషా విచారం

నాలుగో రోజు ఒక కోడలు పెట్టిన అట్ట మీద రగడ జరిగింది. అది భైరప్ప వంశవృక్ష, కన్నడం. తెలుగు నవలలకే పందెం అని ఒక పక్షం. మూలంలో నవలలు అనే ఉంది, తెలుగు అనే విశేషణం లేదు, కాబట్టి పూర్వపక్షం చెల్లదు. పైగా ఆ కథను బాపు 1980లో తెలుగు సినిమాగా తీశారు, అప్పుడు ఎవరూ అడ్డం చెప్పలేదు. అసలు మా ఊరివాళ్ళకు ఈ రెండు లిపులు దూరం నుంచి ఒకటే. తలకట్టు పరీక్షలో టీచరు పెట్టిన టిక్కులాగా ఉంటే తెలుగు, చిన్న అడ్డగీతలాగా ఉంటే కన్నడం. కళ్ళద్దాలు మర్చిపోయిన రోజు ఏ భాష చదువుతున్నామో సగం పేజీ దాటాక తెలుస్తుంది.

బండి నారాయణస్వామి శప్తభూమిని ఒక కుర్రవాడు హేమావతి గుడి దగ్గర నంది ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. నంది నొళంబ రాజుల నాటిది, నవల పాలెగాళ్ళ కాలం నాటి అనంతపురానిది. మధ్యలో కొన్ని వందల ఏళ్ళ తేడా. నంది అభ్యంతరం చెప్పలేదు, మనం ముందుకు పోదాం.

గ్రంథపాతం

ఇక పెద్దమ్మను పిలుస్తున్నా అన్న వాక్యం. దీనికోసమే ఇంత రాశాను.

పెద్దక్కకు డెబ్బై దాటాయి. మేనకోడలు ఫోన్‌లో విషయం చెప్పగానే లోపలికి పోయి, బీరువా మీద పాత చీరలో చుట్టిపెట్టిన కట్ట దించింది. అది తులసిదళం. కానీ అంగట్లో కొన్నది కాదు. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ సీరియల్ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తుంటే, వారం వారం ఆ పేజీలు బ్లేడుతో కోసి, దాచి, అయిపోయాక గోతాం దారంతో, దబ్బనంతో కుట్టుకున్నది. కుట్లు నాలుగు. మూడోది వంకర. కాగితం నిమిరితే పొడి రాలుతుంది. సీరియల్ పేజీల వెనక సగం సగం తెగిన వంటల చిట్కాలు, వారఫలాలు. సింహరాశికి ధనలాభం ఉందో లేదో దారం కింద పోయింది.

అట్ట మాత్రం ఆంధ్రభూమిది కాదు. ఎరువుల అంగడివాళ్ళు ఇచ్చిన క్యాలెండరులోని వెంకటేశ్వరస్వామి. మైదాపిండి ఉడకేసి అంటించింది.

"అక్కా, చేతబడి నవలకు స్వామి అట్టేమిటి?" అన్నాను.

"రాత్రిపూట ఇంట్లో పెట్టుకోవాల గదరా. ఊరికే ఎట్ల పెట్టుకుంటారు?" అనింది.

తులసిదళం చదివి ఆ రోజుల్లో ఊళ్ళో ఎంతమంది పెరట్లోకి పోవడానికి తోడు పిలిచేవాళ్ళో తెలిసినవాళ్ళకు ఈ అట్ట విలువ తెలుస్తుంది.

పేజీలు తిప్పుతుంటే ఒకచోట కథ దూకింది. ఒక వారం లేదు. ఇదే గ్రంథపాతం. ఆ వారం పత్రిక అక్క చదవకముందే మా నాయన అందులో వక్కలు పొట్లం కట్టి ఎవరికో ఇచ్చేశాడట. అయితే అక్కకు ఒక ఇబ్బంది వచ్చింది. ప్రతి వారం మధ్యాహ్నాలు పక్కింటి ఆడవాళ్ళు నలుగురు మా అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తూ ఆమె చెప్పే సీరియల్ వినేవాళ్ళు. చదువు వచ్చినది ఆమె ఒక్కతెకే. ఆ వారం ఏం చెప్పాలి? తనకు తోచింది చెప్పేసింది. అగళి నుంచి ఒక ముసలామె వచ్చి, వేపమండతో దిష్టి తీసి, కథలో చేతబడి పడ్డ పాప పక్కన ఒక రాత్రి కూర్చుని, తెల్లారి మజ్జిగ తాగి వెళ్ళిపోయినట్టు. తరువాతి వారం సీరియల్లో పాప పరిస్థితి అట్లానే ఉంది. "ముసలామె ఉన్నంతసేపే బాగుండె" అని అక్క సర్దింది. అందరూ నమ్మారు. ఇప్పటికీ ఆ వీధిలో మిగిలిన ఇద్దరు తులసిదళం అంటే మొదట అగళి ముసలామెను తలుచుకుంటారు.

కొన్నేళ్ళ కిందట మేనకోడలు అచ్చుపుస్తకం తెచ్చిచ్చింది. అక్క నేరుగా ఆ వారం కథ ఉన్న చోటు వెతికి చదివింది. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, "ముసలామెను తీసేసినాడే" అనింది. అచ్చుపుస్తకం తరువాత ఎవరికో ఇచ్చేసింది. కుట్టిన పుస్తకమే ఆమెకు మూలం, అచ్చయింది పాఠాంతరం.

వ్యాఖ్యాతగా నా తీర్పు కూడా అదే. ఇంతకాలం నేను పిల్లలకు గ్రంథపాతం అంటే లోటు అని చెప్పాను. తప్పు చెప్పాను.

ఫలశ్రుతి

అక్క పుస్తకాన్ని అరుగు మీద ఎండలో పెట్టి, నా ఫోన్‌తో నేనే ఫోటో తీశాను. మేనకోడలు దాన్ని నియమం ప్రకారం ఒక్క మాట కూడా లేకుండా స్టేటస్‌లో పెట్టింది. సాయంత్రానికి నలభై ఒక్క మంది చేతులు జోడించిన బొమ్మ పంపారు. ఇద్దరు గోవిందా అని రాశారు. ఆ రోజు శనివారం.

24 గంటలకు ఫోటో పోయింది. పుస్తకం బీరువా మీదే ఉంది. చదవదలచినవాళ్ళు మధ్యాహ్నం మూడు దాటాక రండి, చేతులు కడుక్కుని రండి, దారం లాగకండి. కథ దూకిన చోటికి రాగానే వంటింట్లోకి ఒక కేక వేయండి, అక్క వచ్చి చెబుతుంది.