ఆత్మాన్వేషణకు రానుపోను టికెట్టు

ధైర్యం పుట్టిన ఊళ్లో దొరకదనీ, దాని కోసం ఏదో ఒక హిమాలయపు లోయకు, అదీ ఒంటరిగా, వీలైతే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన మరునాడే బయలుదేరాలనీ చెప్పే సిద్ధాంతం ఒకటి ఈ పదిహేనేళ్లలో తెలుగునాట బాగా వేళ్లూనుకున్నది. దాని అనుయాయులు దీనిని సోలో ట్రిప్ అంటారు. వెంట ఎవరూ లేకుండా, చేయవలసిన పని అంటూ ఏదీ లేకుండా, తనను తాను తెలుసుకోవడమే పనిగా పెట్టుకొని చేసే ప్రయాణమని దీనికి నిర్వచనం చెప్పుకోవచ్చు. ఫోన్ సిగ్నల్ అందే ప్రతి చోటికీ చేరినట్టే ఈ సిద్ధాంతం పెద్దపల్లి జిల్లా కమాన్‌పూర్‌కూ చేరింది. ఒకప్పుడు ఈ మండలంలోనే ఉండి 2016లో కొత్తగా ఏర్పడిన రామగిరి మండలంలోకి పోయిన సెంటినరీ కాలనీకి, అంటే సింగరేణి నూరేళ్ల గుర్తుగా పేరు పెట్టుకున్న గని కార్మికుల నివాసాలకు, అక్కడి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాలకు కూడా చేరింది. కళ్లెదుట రామగిరి ఖిల్లా ఉన్నది గదా, దానినే ఒంటరిగా ఎక్కి ఆత్మను వెతుక్కోవచ్చు గదా అని ఎవరైనా అడిగితే వారికి శాస్త్రం తెలియదన్నమాట. సగం ఎక్కేసరికి మేనమామ ఎదురుపడి "ఏం బిడ్డా, మేకలు తప్పిపోయినయా?" అని అడిగే గుట్ట మీద ఆత్మ దొరకదని ఈ శాస్త్రంలో స్థిరపడిన అభిప్రాయం.

ఇతర శాస్త్రాల వలెనే దీనికీ నిరూపణ పద్ధతి ఒకటి ఉన్నది. యాత్రికుడు మంచుకొండ ఎదుట ఒక రాతి మీద ఫోను నిలబెట్టి, మీట నొక్కి, వెనక్కి తిరిగి చూడకుండా దిగంతం వైపు నడుస్తాడు. చూసేవారికి అతడు లోకబంధాలన్నీ తెంచుకొని మహాశూన్యంలోకి వెళ్లిపోతున్నట్టు కనిపిస్తుంది. ఆ దృశ్యం లోకానికి అందిందంటేనే అతడు పాతిక అడుగులు నడిచి, ఆగి, గిరుక్కున తిరిగి, ఫోను గాలికి పడిపోయిందేమోనన్న బెంగతో పరుగెత్తుకొచ్చాడని అర్థం. ఆ పరుగును మాత్రం కత్తిరించి తీసివేస్తారు. నీడ సరిగా పడలేదనిపిస్తే మహాభినిష్క్రమణం రెండోసారీ మూడోసారీ జరుగుతుంది. ఎటు చూసినా ఆ యాత్రికుడు తన ఫోనుకు పాతిక అడుగులకు మించి దూరం పోలేడు గనుక, ఆత్మ ఆ పరిధికి అవతల ఎక్కడైనా ఉంటే దొరికే అవకాశం లేదు.

ఈ ఏకాంతాన్ని మోసే జనం సంగతి ఈ శాస్త్రగ్రంథాలలో కనిపించదు. గదికి ముందుగా డబ్బు కట్టించుకున్న యాప్, తెల్లవారుజామున చలిలో జీపు నడిపే స్థానికుడు, సంచి మోసే నేపాలీ, బ్యాటరీ సగానికి పడిపోయిందని తెలిసి నిద్ర పట్టక ఫోనులో కదిలే చుక్కను చూస్తూ కూర్చున్న తల్లి, ఇంతమంది కలిస్తే తప్ప ఒకరు ఒంటరి కాలేరు. ఒంటరితనానికి గిరాకీ పెరిగేసరికి దానిని గుంపుగా అమ్మే సంస్థలు కూడా పుట్టుకొచ్చాయి. ఒకరికొకరు తెలియని పన్నెండు మందిని ఒకే టెంపో ట్రావెలర్‌లో కూర్చోబెట్టి, అందరికీ ఒకేసారి స్వయంపరిచయం చేయించి, ఆదివారం రాత్రికల్లా తిరిగి తెచ్చి దింపుతారు. పన్నెండు మందికీ దొరికిన ఆత్మ ఇంచుమించు ఒకే పోలికతో, ఒకే రంగు రెయిన్‌కోటుతో ఉండడం వేదాంతులు ఆలోచించవలసిన విషయం. అద్వైతానికి ఇంతకన్నా చవకైన ప్రమాణం లేదు.

తెలుగువారికి యాత్ర కొత్త కాదు, దానిని రాసుకోవడమూ కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాట మరొకరికి తర్జుమా చేసి చెప్పే ఉద్యోగిగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో బయలుదేరి, హైదరాబాదు, నిర్మల్, నాగపూర్ల మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. దారి పొడుగునా రాసుకున్నది ఆయన మరణానంతరం 1838లో అచ్చయింది. రైలు లేదు, దారిలో దొంగల భయం నిజమైన భయం, రోగం వస్తే దిక్కు లేదు. అయినా ఆయన సుమారు వందమంది పరివారాన్ని వెంటబెట్టుకొని వెళ్లాడే గాని తాను మహా ధైర్యశాలినని ఎక్కడా చాటుకోలేదు. మజిలీలో నీళ్లు బాగున్నాయా, సరుకులు దొరుకుతాయా, నది దాటడానికి పడవలున్నాయా, సుంకం ఎవరు వసూలు చేస్తున్నారు అన్నవే ఆయన పట్టించుకున్న విషయాలు. అందువల్లనే రెండు శతాబ్దాలు కావస్తున్నా ఆ పుస్తకం చదివినవారికి ఆనాటి దేశం కనిపిస్తుంది. ఇప్పటి ఆత్మాన్వేషకుడు పదిహేను రాష్ట్రాలు తిరిగి వచ్చి చెప్పేదానిలో కనిపించేది ఒకే ఒక్క ప్రదేశం, ఆయన ముఖం. వెనుక మసకగా ఉన్నది స్పితి లోయో సిక్కిమో పోల్చుకోవడం కష్టం.

అంతర్జాతీయంగా ఈ సిద్ధాంతానికి మూలగ్రంథం వంటిది అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ 2006లో వెలువరించిన ఆత్మకథాత్మక యాత్రారచన. విడాకుల దుఃఖం నుంచి ఇటలీ, భారతదేశం, ఇండోనేషియా తిరిగి తేరుకున్న కథ అది. ఆ ప్రయాణానికి కావలసిన సొమ్ము, రాయబోయే పుస్తకానికి ప్రచురణకర్త ముందుగానే ఇచ్చిన బయానా. రచయిత్రి ఈ విషయం దాచుకోలేదు కాబట్టి ఆమెను తప్పుపట్టే పని లేదు. పోగొట్టుకున్న ఆత్మ దొరుకుతుందో లేదో తెలియకముందే దాని మీద అడ్వాన్సు పుట్టిందన్న సంగతిని మాత్రం మన అనుయాయులు సౌకర్యంగా మరచిపోతారు. 2014లో వచ్చిన హిందీ చిత్రం 'క్వీన్'లో పెళ్లి తప్పిపోయిన అమ్మాయి హనీమూన్ టికెట్టు మీద ఒంటరిగా ప్యారిస్ పోతుంది. మరుసటి సంవత్సరం 'ఎవడే సుబ్రమణ్యం'లో మన కథానాయకుడు హిమాలయాలకు పోతాడు. పెద్దపల్లి జంక్షన్లో దిగి ఎవరూ తమను తాము తెలుసుకున్నట్టు సినిమా ఇంతవరకు రాలేదు.

ఇప్పుడు ధైర్యం సంగతికి వద్దాం. ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి గల్ఫ్ దేశాలకు వలసపోయినవారు లెక్కకు మిక్కిలి. ముందు బొంబాయి, భివండీ, ఆపైన దుబాయి, మస్కట్, కువైట్. అప్పు చేసి ఏజెంటు చేతిలో డబ్బు పోసి, భాష తెలియని దేశంలో ఒక్కడే దిగి, విమానాశ్రయంలో తన పేరు రాసిన అట్ట ఎవరి చేతిలో ఉన్నదో చదవలేక వెతుక్కున్న మనిషి చేసినది కూడా నిర్వచనం ప్రకారం ఒంటరి ప్రయాణమే. కాని అతడిని సోలో ట్రావెలర్ అన్నవారు లేరు. వలస కూలీ అన్నారు. పదో తరగతి దాటనివారి పాస్‌పోర్టుకు ఈసీఆర్ అని ముద్ర ఉంటుంది. అంటే అది పట్టుకొని గల్ఫ్ మొదలైన కొన్ని దేశాలకు పనికోసం పోవాలంటే 1983 నాటి వలసల చట్టం కింద ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ పాస్‌పోర్టు గల స్త్రీ అక్కడికి ఇంటిపనికి పోదలిస్తే ఆమెకు ముప్ఫై ఏళ్లు నిండి ఉండాలి. మోసాల నుంచి కాపాడడానికే ఈ నిబంధన అంటారు, మోసాలు జరగడమూ నిజమే. అదే స్త్రీ ఆ వయసు రాకముందే విహారానికి పోతానంటే చట్టానికి ఈ అభ్యంతరం లేదు. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి డబ్బు ఖర్చు పెట్టడానికి ఒంటరిగా పోతే అది సాధికారత, సంపాదించడానికి పోతే రక్షణ అవసరమైన కేసు. ధైర్యానికి ఆదాయపు ధ్రువీకరణ పత్రం జతచేయాలని ఎక్కడా రాసి లేదు గాని, అమలులో ఉన్నది.

గల్ఫ్ దాకా కూడా పోనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం కల్పించింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇస్తాడు. దానినే జీరో టికెట్టు అంటారు. బస్సు ఖర్చులకు మగవాడి జేబు వైపు చూడవలసిన అవసరం ఒక్క రోజులో పోయింది. మంథని ఆసుపత్రికో, కరీంనగర్‌లో ఉన్న బిడ్డ దగ్గరికో, ఊరికే ఒకసారి వేములవాడకో, తోడు ఎవరొస్తారని అడగకుండా, ఎందుకని చెప్పకుండా, చేతిసంచీతో బస్సెక్కిన స్త్రీలు ఎందరో. తెలుగునాట ఆడవాళ్ల ఒంటరి ప్రయాణానికి ఇంతకన్నా పెద్ద సందర్భం చూపడం కష్టం. దానికి దక్కిన సాహిత్యం ఏది? సీట్ల కోసం జుట్లు పట్టుకున్న వీడియోలు. బస్సులో కూర్చొని ఎల్లిగడ్డ పొట్టు తీసుకుంటున్న ఆడవాళ్ల వీడియో 2024లో రాష్ట్రమంతా తిరిగింది. నాయకులు వెటకారమాడారు, విమర్శలు వచ్చాయి, విచారాలు వెలిబుచ్చారు. చేతి పని ఆపకుండా ఊరు దాటుతున్న మనిషి నవ్వులపాలైతే, పని మానుకొని కొండెక్కి కళ్లు మూసుకున్న మనిషి స్ఫూర్తిప్రదాత అయ్యాడు. కిటికీ పక్కన ఎల్లిగడ్డ ఒలుస్తూ పోయే ఆమె ఆ గంటసేపు తన గురించి ఏం ఆలోచించుకున్నదో అడిగినవారు లేరు. ఆమె కూడా చెప్పాలనుకోలేదేమో. చెప్పకుండా ఉండగలగడం ఈ శాస్త్రంలో ఇంకా గుర్తింపు పొందని విద్య.

ఇందులో అసలు చిక్కు వేరే ఉన్నది. ధైర్యమంతా ప్రయాణించే మనిషి గుండెలోనే ఉంటుందని చెప్పే సిద్ధాంతం, దారికి, బస్టాండుకు, లాడ్జికి ఏ బాధ్యతా లేకుండా చేస్తుంది. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి గది ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పదు. అయినా కౌంటరు వెనుక కూర్చున్న పెద్దమనిషి "వెంట ఎవరున్నరమ్మా" అని అడిగి, ఎవరూ లేరంటే గదులు ఖాళీ లేవని చెప్పే లాడ్జీలు చిన్న పట్టణాలలో ఎన్నో. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువతిపై అత్యాచారం, హత్య జరిగిన తరువాత హైదరాబాదు పోలీసులు ఎక్కడికి పోతున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి అన్న తరహాలో మహిళలకు జాగ్రత్తల జాబితా ఒకటి విడుదల చేసి, విమర్శలు మూటగట్టుకున్నారు. భయపడుతూ ఉండమని ఆ జాబితా, భయం వదిలేయమని ఈ సిద్ధాంతం; రెండూ మాట్లాడేది ఆమెతోనే, వీధిదీపం వెలిగించవలసిన వానితో రెండింటికీ పని లేదు.

బొగ్గుబాయి దగ్గర ఈ సిద్ధాంతాన్ని ఎవరూ ప్రయోగించి చూసినట్టు లేదు. భూగర్భ గనిలోకి దిగేవాడు ముందు మస్టర్ పడాలి, అంటే హాజరు వేయించుకోవాలి. ఆపైన ల్యాంప్‌రూములో తన నంబరు గల టోపీలైటు తీసుకోవాలి. షిఫ్టు దిగాక ఆ లైటు తిరిగి రాకపోతే మనిషి లోపలే ఉన్నాడని పైవారికి తెలుస్తుంది. లోపల మైనింగ్ సర్దార్, అంటే తన పరిధిలో పనిచేసేవారి భద్రత చూసే మనిషి, కప్పును కడ్డీతో కొట్టి చెవి ఒగ్గి వింటాడు. గుల్ల శబ్దం వచ్చిందంటే కప్పు వదులైందని అర్థం, అక్కడ పని ఆగిపోతుంది. మారుమూల పనిస్థలంలో ఒక్కడిని వదిలిపెట్టడం అక్కడ సాహసం కాదు, పర్యవేక్షకుడి తప్పు. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి రానివ్వలేదు. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాల వరకు ఆ నిషేధాన్ని సడలించినప్పుడు కూడా షిఫ్టులో కనీసం ముగ్గురు స్త్రీలు కలిసి ఉండాలని షరతు పెట్టింది. భూమికి వందల అడుగుల కింద రోజూ ప్రాణం పణంగా పెట్టే చోట, ధైర్యమంటే పక్కవాడు కొట్టి చూసిన కప్పును నమ్మడం. ముప్ఫై ఏళ్లు ఆ నమ్మకం మీదే దిగి ఎక్కిన తండ్రికి, వారం రోజులు హిమాలయాలలోని కసోల్‌లో ఉండి వచ్చిన కొడుకు భయాన్ని జయించడం ఎలాగో వివరించే దృశ్యం కార్మికవాడలలో అరుదు కాదు. తండ్రులు సాధారణంగా వింటారు, సెకండ్ షిఫ్టుకు టైమైతే లేచిపోతారు.

ఓపెన్‌కాస్టు, అంటే నేలను పైనుంచి తవ్వుకుపోయే గని, వచ్చాక ఈ ప్రాంతంలో ప్రయాణమన్నదే తలకిందులైంది. లద్నాపూర్ వంటి ఊళ్ల జనం ఎక్కడికీ పోకముందే వారి కింది నుంచి ఊరే పోయింది. తమను తాము వెతుక్కోవడానికి ఊరు విడిచి పొమ్మని ఇక్కడివారికి బోధించే ముందు, కనీసం విడిచిపోవడానికి ఊరున్నదో లేదో విచారించుకోవడం మర్యాద.

ఈ రంగంలోని సంస్థలకు వ్యాపారపరంగా ఒక సూచన చేయవచ్చు. స్పితికి బదులు ఇకమీదట కమాన్‌పూర్ చౌరస్తాకు మూడు రోజుల ప్యాకేజీ పెట్టవచ్చు. మొదటి రోజు యాత్రికురాలు రాత్రి ఎనిమిది దాటాక ఒంటరిగా, ఫోనులో ఛార్జింగ్ లేకుండా, బొగ్గు లారీల దుమ్ములో నిలబడి బస్సు కోసం ఎదురుచూడాలి. రెండో రోజు దగ్గరి పట్టణంలో ఏదైనా లాడ్జికి పోయి, వెంట ఎవరూ లేరని చెప్పి, గది సంపాదించాలి. మూడో రోజు ఏదో ఒక బస్టాండులో ఆడవారి మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో కనుక్కోవాలి. ఖర్చు తక్కువ, రవాణాకు జీరో టికెట్టు సరిపోతుంది; ఆత్మ దొరకకపోయినా తాళంచెవి దొరికినవారికి రుసుము వాపసు ఇవ్వవచ్చు, సంస్థలకు పెద్దగా నష్టం రాదు.