నాలుగున్నర రోజుల ఏలూరువాసి

హైదరాబాదు నుంచి బదిలీ మీద ఏలూరుకో తాడేపల్లిగూడేనికో వచ్చిపడ్డవాడు ఆఫీసుకొకడైనా ఉంటాడు. బ్యాంకులో ఉంటాడు, బీమా ఆఫీసులో ఉంటాడు, 2015లో గూడేనికి నిట్ వచ్చాక అక్కడా ఉంటాడు. 2022 ఏప్రిల్ 4న పశ్చిమ గోదావరిని విడగొట్టి ఏలూరును వేరే జిల్లా చేశాక ఈ జాతి ఇంకాస్త పెరిగింది. ‘ఇక్కడేం దొరకదండీ’ అన్నది అతని పల్లవి. శుక్రవారం మధ్యాహ్నం నుంచే అతని చూపు గోడ గడియారం మీద ఉంటుంది, రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు ఉంటుంది. పాపం, నగరం మీద బెంగ పెట్టుకున్నాడని పక్క సీటువాళ్లు జాలిపడతారు. నాకలా అనిపించదు. అతనికి నగరం మీద ప్రేమా లేదు, మన ఊరి మీద పగా లేదు. ఏ ఊళ్లోనైనా చుట్టంలా ఉండాలి, ఇంటివాడు మాత్రం కాకూడదు. అతని కోరికల్లా అదే.

అతని మొదటి ఫిర్యాదు చూడండి. ఊరు మరీ ప్రశాంతంగా ఉందట, నిద్ర పట్టడం లేదట! చెన్నై-హౌరా లైను ఊరి మధ్య నుంచే పోతుంది, తెల్లవార్లూ గూడ్సుబళ్లు కూస్తూనే ఉంటాయి. ధనుర్మాసం వస్తే నాలుగింటికే గుడి మైకు లేపుతుంది. గూడెంలో ఉల్లిపాయల మార్కెట్ పక్కన ఇల్లు తీసుకుంటే ప్రశాంతత సంగతి లారీలే చెబుతాయి. అతణ్ణి భయపెట్టేది నిశ్శబ్దం కాదు, సాకు లేకపోవడం. హైదరాబాదులో మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కి మెట్రో దారే 29 కిలోమీటర్లు. గంట ఆలస్యంగా వచ్చి ‘ట్రాఫిక్ అండీ’ అంటే ఎంత పెద్ద ఆఫీసరైనా తలూపాల్సిందే. పెళ్లికి పోకపోయినా, పుస్తకం చదవకపోయినా, పొద్దున్నే నడవకపోయినా తప్పంతా ట్రాఫిక్‌దే. ఏలూరులో అద్దె ఇంటి నుంచి ఆఫీసు పది నిమిషాలు. ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటాడు. ఇక నడక మొదలుపెట్టకపోవడానికి కారణం వెతకాలి. అందుకే ఎప్పుడైనా దారిలో రైలు గేటు పడితే అతని మొహం వెలిగిపోతుంది. ఆ ఇరవై నిమిషాల కథ ఆఫీసులో సాయంత్రం దాకా నడుస్తుంది.

ఇంకో తమాషా ఏమిటంటే, ఇతను చాలాసార్లు పరాయివాడు కూడా కాదు. తాతది ఏ ఆకివీడు వైపో అయి ఉంటుంది. తండ్రి ఉద్యోగానికని హైదరాబాదు పోయి అక్కడే స్థిరపడి ఉంటాడు. అక్కడున్నన్నాళ్లూ ఇతగాడే కూకట్‌పల్లి అపార్టుమెంటు మెట్ల మీద ‘మా గోదావరి జిల్లా మర్యాదలు మీకెక్కడివి’ అని ఉపన్యాసాలిచ్చాడు. సంక్రాంతికి మూడు రోజులొచ్చి, కోడిపందేలు చూసి, పచ్చని చేల ముందు ఫొటోలు దిగి, రిటైరైతే ఇక్కడికే వచ్చేస్తానని ప్రకటించాడు. ప్రభుత్వం పాపం, రిటైరు కాకముందే పంపింది. మర్యాదలు మూడోవారానికే చేదయ్యాయి. ‘ఏంటండీ, ఈ వారం ఊరెళ్లలేదా’ అని టీకొట్టాయన అడిగితే, తన సొంత విషయాల్లో తలదూరుస్తున్నాడంటాడు.

భార్య ఉద్యోగం అక్కడ, పిల్లల చదువు అక్కడ, ఫ్లాటు వాయిదాలు అక్కడ. మనిషి రెండు ముక్కలు కాక ఏం చేస్తాడని మీరడగొచ్చు. నిజమే. రైల్లో సగం నిద్రపోయి, సోమవారం తెల్లవారకముందే ఏలూరు ప్లాట్‌ఫారం మీద దిగేవాడిని చూసి నవ్వడం పాపం కూడాను. నీళ్ల విషయంలోనూ అతణ్ణి తప్పు పట్టలేం. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఆ తర్వాత ఎవరైనా క్యాను నీళ్లే తాగుతానంటే తాగనివ్వాలి. కానీ పిల్లల చదువులు అయిపోయి, వాయిదాలు తీరిపోయినవాడు కూడా అదే శుక్రవారం అదే బండి ఎందుకు ఎక్కుతున్నాడు? దానికి ఫ్లాటు మీద పెట్టిన వంక చాలదు.

అసలు సాక్ష్యం అతని చేతిలోని థర్మాకోల్ పెట్టె. అడుగున ఐసు ముక్కలు, మధ్యలో శుభ్రం చేయించిన కొర్రమీను, పైన ఇంకో పొర ఐసు, చుట్టూ నాలుగు వరసల టేపు. అయినా బెర్తు కింద నుంచి నీళ్లు కారి పక్కాయన చెప్పులు తడుస్తాయి. ఆ పెట్టె సికింద్రాబాద్‌లో దిగగానే ఇతను కొల్లేటి ప్రతినిధి అయిపోతాడు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చిన సరస్సనీ, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారనీ, నీళ్లు ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తాయనీ బావమరిదికి ధారాళంగా చెబుతాడు. కొల్లేటి దగ్గరి అటపాకలో అటవీశాఖవాళ్లు పాతిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయని కూడా చెబుతాడు. ఆ పక్షులు ఇనుప చువ్వల మీదే సంసారం పెట్టి పిల్లల్ని లేపాయి. ఇతను రెండు గదుల పోర్షన్‌లో మూడేళ్లుగా సూట్‌కేసు విప్పలేదు. చెప్పినవన్నీ నిజాలే, కాకపోతే అటపాక మాత్రం చూడలేదు. ఆదివారాలు ఊళ్లో ఉంటేగా!

తిరుగు బదిలీ వచ్చిన రోజున తన కుర్చీలోకి వచ్చినవాడికి అప్పగింతలు పెడతాడు. గౌతమి ఎక్కువసేపు ఆగదు, మన బోగీ ఫలానా స్తంభం దగ్గర పడుతుంది. నీళ్ల క్యాను కుర్రాడి నంబరు ఇది. చేపలావిడ దగ్గర బేరమాడకండి, శుక్రవారం పొద్దున్నే చెబితే సాయంత్రానికి ప్యాక్ చేసి ఉంచుతుంది. మూడేళ్లలో సంపాదించిన ఊరి జ్ఞానం అక్కడితో పూర్తవుతుంది. కొత్తాయన మాత్రం శ్రద్ధగా రాసుకుంటాడు.