మామగారి తనిఖీ

విమానమెక్కుటకై విమానాశ్రయమునకు వచ్చువారు కొందరు. ఎక్కువారిని సాగనంపుటకై వచ్చువారు కొందరు. ఎక్కినను ఎక్కకున్నను, ఆ కట్టడము కట్టినవాని తప్పులు పట్టుటయే పరమార్థముగా వచ్చువారు మరికొందరు. ఈ మూడవ తెగవారు తరచు ఉద్యోగవిరమణ చేసినవారై, చేతులు వెనుకకు కట్టుకొని, మనుష్యుల ముఖములను గాక గోడలను, కప్పులను, మెట్లను చూచుచు నడచుచుందురు. ప్రతి కుటుంబమునకును ఇట్టివారొకరు ప్రసాదింపబడియుందురు. మాకు లభించినవారు మా మేనమామ.

మామ కర్నూలు-కడప కాలువమీద ఓవర్సీరుగా పనిచేసి విశ్రాంతి గొన్నవారు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దొరలు ఆ కాలువను పైర్లకు నీరిచ్చుటకును పడవలు నడపుటకును కూడ పనికివచ్చునట్లు త్రవ్వించి, ఆశించిన లాభము కానక, తుదకు 1882లో సర్కారునకు అమ్ముకొని చేతులు కడుగుకొనిన వృత్తాంతము వారికి కంఠస్థము. ఎంత గొప్ప ఇంజనీరైనను తప్పు చేయగలడను విశ్వాసము వారికి అచ్చటనే కుదిరినది. పింఛను పుచ్చుకొన్న పిమ్మట ఆ విశ్వాసమును కాలువగట్టున వదలిరాక, విమానాశ్రయములకు వెంటబెట్టుకొని వచ్చిరి.

కడప విమానాశ్రయము 2015 జూన్ 7న మరల తెరువబడినది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకపు తొలి విమానములకు జెండా ఊపిననాడు వానిలో కడప-హైదరాబాదు విమానమును ఉన్నది. అయినను కువైట్ పోవు రాయచోటి, రాజంపేట జనమునకు పొరుగు నగరముల విమానాశ్రయములే దిక్కు. వేకువను నాలుగు గంటలకు విమానమనగా, మామ ముందునాటి మధ్యాహ్నమే తుఫాను బండిని ఇంటిముందు నిలిపి, పోవువానితోబాటు పోనివారినందరిని అందులో కూరుదురు. పుట్టినింటివారు, మెట్టినింటివారు, వీసా ఇప్పించినవాని తమ్ముడు, దారిలో దర్గాకు మ్రొక్కు చెల్లింపవలసియున్న ముసలమ్మ, వీరిలో ఎవ్వరిని విడిచినను మాట వచ్చును. తీర ఆ మహాసౌధము ముందు దిగినంతనే మామ నడుముమీద చేతులుంచుకొని నలుదెసలు పరికించి, "ఏంది రా అబ్బీ ఈ జనం! బుద్ధి ఉండేటోడు ఇంతమందిని ఏసుకొని వస్తాడా?" అని విస్తుపోవుదురు.

మామ ఆక్షేపణలలో న్యాయము లేకపోలేదు. వారితో వచ్చిన చిక్కే అది. సాగనంపువారు కూర్చుండుటకు బయట ఒక్క అరుగు లేదు. లోపల అంగళ్ళకున్నంత చోటు కుర్చీలకు లేదు. అత్తరు సీసాల నడుమ ప్రదక్షిణము చేయనిదే విమానద్వారము కానరాదు. మరుగుదొడ్డి జాడ చూపు బాణపుగుర్తు ఒక స్తంభమువరకు వచ్చి అచ్చట విరమించును. ప్రకటన చేయు అమ్మాయి ఏ భాషలో చెప్పుచున్నదో ఆమె ముగించువరకు తెలియదు. ముగించిన పిమ్మట ఏమి చెప్పినదో తెలియదు. వీనినన్నింటిని మామ ఒక్క సూత్రమునకు కుదింతురు.

"నీళ్లయినా జనమైనా ఒకటే లెక్క రా. కాలవ ఎడల్పుగా తవ్వి తూము సన్నంగా పెడితే కట్ట తెగక ఏమైతాది? బయట చూస్తే అన్ని వాకిళ్లు. లోపల సంచులు చూసే మిషన్లు రెండే ఆడతాండాయి. అలుగు యాడుంది? నువ్వే చూపీ!"

పెద్ద చదువులు చదివినవారు గణితముతో నిరూపించు సంగతిని మామ గొడుగుకొనతో నేలమీద గీసి చూపుదురు. చుట్టును పదిమంది చేరి విందురు. నడచుచున్న వరుస కాస్త అచ్చటనే నిలిచిపోవును.

కువైట్‌లోనున్న కూతురిని చూచుటకు మామయే బయలుదేరినపుడు తోడుగా నేను పోవలసివచ్చినది. పేరు చెప్పనొల్లని ఒక విమానాశ్రయమున, కౌంటరు ముందు, మామ అట్టపెట్టె తూకమునకు మించెను. వెంటనే మామ అచ్చటనే చతికిలబడి, ముందురాత్రి తామే బిగించిన పురికొస ముడులను పండ్లతో కొరికి విప్పి, చెనిక్కాయల పొడి, ఉప్పుమిరపకాయలు, ఓళిగల డబ్బా ఒక్కొక్కటిగా నేలమీద పరచిరి. అడుగున ఎండుకొబ్బెర చిప్పలు కానిపింపగా, కౌంటరులోని పిల్ల అవి నూనెగల సరకులనియు, వేడికి తమంతనే రాజుకొనవచ్చునుగాన విమానమున చెల్లవనియు వినయముగా చెప్పెను. నిబంధన నిజమైనదే. మామ నావైపు తిరిగి, "నువ్వే చెప్పు అబ్బీ, మీ అత్త పెండ్లయిన కాడినుంచీ అటక మీదనే పెడతాంది, ఒకనాడన్నా ఇల్లు అంటుకున్న్యాదా?" అని నన్ను సాక్ష్యమునకు పిలిచిరి. ఈలోగా మా వెనుక వరుస పెరిగి పెరిగి వాకిలి దాటినది. గొణుగుట తిట్లలోనికి దిగుచున్నది. అప్పుడు మామ చేసిన పని చూడుడు: తూకము తగ్గించుటకు తీసిన ఓళిగలను వరుసలో నిలిచినవారికందరికిని, పిల్లలకు రెండేసి వంతున, పంచిపెట్టిరి. నోళ్ళు నిండినందున తిట్లు ఆగినవి. ఇట్టి మనిషిపై ఎంతసేపు కోపించగలము?

అయితే కోపించుటకు మరల అవకాశము కల్పించుటలో మామ ఆలస్యము చేయరు. లోహమును కనిపెట్టు ద్వారబంధము క్రింద వారు నడువగా అది కూసెను. బీగపు చెవులు తీసిరి, కూసెను. చిల్లర తీసిరి, కూసెను. చొక్కా లోజేబులోనుండి ఓవర్సీరు ఉద్యోగపునాటి ఇనుపటేపు వెలువడెను, అప్పటికిని కూసెను. తుదకు తేలినది వెండి మొలతాడు. "ఇది నేను నడక నేర్చినప్పటినుంచీ ఉండాది. ఈ వయసులో తీసి యాడ పెట్టేది?" అని మామ భీష్మించుకొనగా, ఆ ఉత్తరాది జవానునకు మొలతాటి మర్యాద వివరించు భారము నామీద పడెను. ఎట్టకేలకు ఆవలి ఒడ్డు చేరిన మామ, వెనుదిరిగి, తమ మూలమున నిలిచిపోయిన జనసముద్రమును తృప్తిగా పరికించి, "నేను చెప్పలా? తూము సన్నం రా!" అనిరి. తూమునకు అడ్డుపడిన బండయే నోరు విప్పి తూమును నిందించుట లోకములో అరుదు.

ఇట్టి మామకు ఓర్వకల్లులో అగ్నిపరీక్ష ఎదురైనది. కర్నూలు దాపున, నంద్యాల దారిలో, 2021 మార్చి 25న ప్రారంభమై, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దాల్చిన విమానాశ్రయమది. ఆ తొలి దినములలోనే మామ కర్నూలులోని పెద్దకొడుకు ఇంటినుండి విశాఖపట్టణములో పెండ్లికి దానిమీదుగా బయలుదేరిరి. పేరు చదివి, "ఆయన కోయిలకుంట్ల ఖజానా మీదికి పోయినప్పుడు క్యూలో నిలబడినాడా?" అని ఉత్సాహముతోనే లోనికి నడచిరి. లోపల నలుగురు మనుష్యులు; కావలసినన్ని కుర్చీలు; కనుచూపు మేరలోనే విమానద్వారము; అడుగకుండనే కనిపించు మరుగుదొడ్డి. మామ ఇనుపటేపు చేతబట్టి ఒక చుట్టు తిరిగివచ్చిరి, రెండవ చుట్టు తిరిగివచ్చిరి, పిమ్మట కుర్చీలో కూలబడి, తప్పు దొరకని తనిఖీదారు మౌనములో మునిగిపోయిరి. వారిని అంత దీనముగా నేనెన్నడును చూచియుండలేదు. బుద్ధిపూర్వకముగా ఒక తప్పైన మిగిల్చియుండరాదా అని కట్టినవారిమీద నాకే కోపము వచ్చినది.

విమానము పిలుపు వచ్చుటకు ముందు మామ మొగము వికసించెను. "దొరికింది రా! తూము బాగుంది, కట్ట బాగుంది, నీళ్లే లేవు. ఇంత కట్టి ఇట్ల బోసిగా పెడితే సర్కారుకు నష్టం గాదా? వచ్చే తూరి మనోళ్లందరినీ పిల్చుకొస్తా." తుఫాను బండ్లు రెండు చాలునా, మూడు కావలెనా అని, విమానము లేచువరకును వ్రేళ్ళమీద లెక్కించుచునే యుండిరి.